బల్బుకు లొంగని తుపాకీ

తెనాలిలో మా వీధి చివర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. పేరుకే షాపు, నిజానికి ఒక ఇంటి ముందుగది. రెండు డబ్బా టీవీలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. అరగంటకు రెండు రూపాయలు. తొంభైల్లో వేసవి సెలవులంటే మాకు మామిడికాయలూ ఆ గదీ. అందరూ మారియో కోసం, కాంట్రా కోసం వంతులు వేసుకునేవాళ్లు. నాకు మాత్రం బాతుల ఆట పిచ్చి. చేతిలో ప్లాస్టిక్ తుపాకీ, తెర మీద గడ్డిలోంచి లేచి ఎగిరే బాతు. గురి తప్పితే ఒక కుక్క పైకి లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వుతుంది. ఆ నవ్వు భరించడం కష్టం.

మాలో ఒకడు ఒక కిటుకు కనిపెట్టానన్నాడు. తుపాకీ గొట్టంలో ఒక గాజు కన్ను ఉంది, దానిలో వెలుగు పడితే తగిలినట్టు లెక్క, కాబట్టి టీవీని వదిలేసి పైనున్న బల్బు మీద కాల్చమని వాడి సలహా. కాల్చాను. కుక్క నవ్వింది. మళ్లీ కాల్చాను. మళ్లీ నవ్వింది.

"బల్బు వైపు పెడితే పడదురా," అన్నాడు షాపు అన్న, కుర్చీలోంచి లేవకుండానే. "దానికి తెలుసు."

దానికి ఎలా తెలుసో ఆయనా చెప్పలేదు, నాకూ చాలా ఏళ్ల దాకా తెలియలేదు. తెలిశాక ఆ పెట్టె మీద గౌరవం పెరిగింది.

మా స్నేహితుడి సిద్ధాంతంలో సగం నిజం. తుపాకీలోంచి టీవీకి ఏదీ వెళ్లదు. టీవీ వెలుగే తుపాకీలోకి వస్తుంది. గొట్టం లోపల ఒక కటకం, దాని వెనక వెలుగును పసిగట్టే చిన్న పరికరం, అంతే. మీట నొక్కగానే ఆట మొత్తం తెరను ఒక్క క్షణం నల్లగా మార్చేస్తుంది. ఆ మరుక్షణం బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చదరం ఒకటి వెలుగుతుంది. ముందు చీకటి, తర్వాత వెలుగు. ఈ వరసలోనే తుపాకీ కంటికి కనిపిస్తే గురి కుదిరినట్టు. తెర మీద రెండు బాతులుంటే రెండు చదరాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఎన్నో చదరానికి కన్ను స్పందించిందో చూసి ఏ బాతు చచ్చిందో లెక్క తేలుస్తుంది. ఇదంతా ఒకటి రెండు రెప్పపాట్లలో అయిపోతుంది కాబట్టి మనకు తెర ఒకసారి తళుక్కుమన్నట్టు మాత్రమే అనిపిస్తుంది.

ఇప్పుడు బల్బు సంగతి. బల్బుకు ఆరిపోవడం తెలియదు. చీకటి ఉండాల్సిన క్షణంలో కూడా అది వెలుగుతూనే ఉంటుంది. చీకట్లో వెలుగు కనిపించిందంటే ఎవడో దొంగాట ఆడుతున్నాడని అర్థం. అసలు సిసలు తుపాకీలో ఇంకో కాపలా కూడా ఉంది. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ల పుంజం సెకనుకు సుమారు 15 వేల పైచిలుకు గీతలు గీస్తూ బొమ్మను నింపుతుంది. ఆ వేగంతో మిణుకుమనే వెలుగునే తుపాకీ లెక్కలోకి తీసుకుంటుంది. నిలకడగా వెలిగే దీపం దాని దృష్టిలో దీపమే కాదు.

ఈ గాజు కన్ను కథ పట్టుకుని వెనక్కి వెళ్తే జపాన్‌లోని క్యోటో నగరం చేరతాం. పూల బొమ్మలుండే హనఫుడా పేకముక్కలు తయారు చేయడానికి 1889లో ఫుసజిరో యమౌచి అక్కడ ఒక కంపెనీ పెట్టాడు. అదే నింటెండో. ఎనభై ఏళ్ల తర్వాత ఆయన మునిమనవడు హిరోషి యమౌచి చేతిలో అది బొమ్మల కంపెనీగా మారుతున్న రోజుల్లో, షార్ప్ కంపెనీ నుంచి ఒక యువ ఇంజనీరు సౌర ఘటాలు అమ్ముకోవడానికి వచ్చాడు. పేరు మసయుకి ఉయెమురా. వెలుగు పడితే కరెంటు పుట్టించే ఆ బిళ్లలతో ఏం చేద్దామని నింటెండోలో ఉన్న గున్‌పెయి యోకోయి ఆలోచించి, వెలుతురు తుపాకీ బొమ్మ తయారు చేశాడు. అది 1970లో అమ్మకానికి వచ్చింది. కొంతకాలానికి ఉయెమురా షార్ప్‌ను వదిలి నింటెండోలోనే చేరిపోయాడు. 1976లో గోడ మీద బాతు బొమ్మను వెలుగుగా ప్రసరింపజేసి కాల్చే ఆట కూడా ఈ వరసలోనే వచ్చింది. అంటే తెనాలిలో నన్ను చూసి నవ్విన కుక్కకు, దాని బాతులకు, టీవీ లేకుండానే ఒక పూర్వజన్మ ఉంది.

1981లో ఒక సాయంత్రం ఉయెమురాకు యజమాని దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఆర్కేడ్ గదుల్లో నాణెం వేసి ఆడే ఆటలను ఇంటి టీవీలో ఆడుకునే యంత్రం కావాలి, క్యాసెట్ మార్చితే ఆట మారాలి అన్నాడు యమౌచి. ఆయనకు కాస్త పుచ్చుకున్నాక ఫోన్ చేసే అలవాటు ఉండటంతో మొదట పెద్దగా పట్టించుకోలేదని ఉయెమురా తర్వాత చెప్పుకొచ్చాడు. పొద్దున్నే చూస్తే యజమాని మాట మాటే. అలా పుట్టినది 1983 జూలై 15న జపాన్‌లో 14,800 యెన్‌లకు అమ్మకానికి వచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్. జపాన్‌వాళ్లు ముద్దుగా ఫ్యామికామ్ అంటారు. తెనాలి గదిలో ఉన్నది దాని నకలు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

దాని మెదడు తయారు చేసింది రికో కంపెనీ. చాలామందికి రికో అంటే జిరాక్స్ మెషీన్ గుర్తొస్తుంది. రెండేళ్లలో 30 లక్షల చిప్‌లు కొంటామని నింటెండో హామీ ఇచ్చి ధర తగ్గించుకుంది. అప్పటికి ఈ పెట్టె ఒక్కటి కూడా అమ్మని కంపెనీ ఇచ్చిన మాట అది. ఆ చిప్ లోపల ఉన్నది మాత్రం జపాన్ సరుకు కాదు. 1975లో అమెరికాలో మాస్ టెక్నాలజీ అనే సంస్థలో చక్ పెడుల్ బృందం తయారు చేసిన 6502 ప్రాసెసర్ నమూనా. అప్పట్లో మిగతా ప్రాసెసర్లు వందల డాలర్లు పలుకుతుంటే దీన్ని 25 డాలర్లకు అమ్మారు. ఆపిల్ 2 కంప్యూటర్‌లో ఉన్నది ఇదే. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలో ఉన్నదీ ఇదే. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో భయభక్తులతో ముట్టుకున్న కంప్యూటరుకూ, వీధి చివర గదిలో రెండు రూపాయలిచ్చి చెమట చేతులతో ఆడిన పెట్టెకూ మెదడు ఒకటే వంశం. ఒకటి చదువు, రెండోది చదువు చెడగొట్టేది అని ఇళ్లల్లో అనేవాళ్లు.

ఇక ఈ పెట్టె ఎంత బీదదో చూద్దాం. ప్రాసెసర్ పని చేసుకోవడానికి ఉన్న జ్ఞాపకం 2 కిలోబైట్లు, అంటే 2,048 బైట్లు. ఈనాటి కంప్యూటర్లు ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మామూలుగా 3 బైట్లు వాడతాయి. ఈ వ్యాసంలో ఒక పేరా అందులో పెడితే రెండో పేరాకు చోటుండదు. బొమ్మలు చూసుకునే రెండో చిప్‌కు ఇంకో 2 కిలోబైట్లు. ఇదే అసలు చిక్కు. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు. మొత్తం 61,440. ఒక్కో చుక్క ఏ రంగో విడివిడిగా గుర్తు పెట్టుకోవాలంటే తక్కువలో తక్కువ 45 కిలోబైట్లు కావాలి. ఉన్నవి రెండు.

పెడన కలంకారీ అద్దకం చూసినవాళ్లకు దీని పరిష్కారం చెప్పడం సులువు. అక్కడ ఎవరూ చీర మొత్తాన్ని కుంచె పట్టి గీయరు. టేకు చెక్క అచ్చులుంటాయి. ఒక పువ్వు, ఒక ఆకు, ఒక తీగ మలుపు. అవే అచ్చులు వరసగా వేసుకుంటూ పోతే చీరంతా తోట అవుతుంది. ఫ్యామికామ్ చేసేదీ అదే. అడ్డం 8, నిలువు 8 చుక్కల చదరం ఒక అచ్చు. అలాంటివి 512 అచ్చులు క్యాసెట్‌లో ఉంటాయి. సగం వెనక దృశ్యానికి, సగం కదిలే బొమ్మలకు. తెరను 32 అడ్డ, 30 నిలువు గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో ఎన్నో నంబరు అచ్చు వేయాలో మాత్రమే రాసుకుంటుంది. 960 గళ్లకు 960 బైట్లు. రంగులు చెప్పడానికి ఇంకో 64. మొత్తం 1,024. అంటే 45 కిలోబైట్ల తెర ఒక్క కిలోబైటులో ఇమిడిపోయింది, పైగా రెండో తెరకు కూడా చోటు మిగిలింది.

రంగుల్లోనూ ఇదే పిసినారితనం. ఒక అచ్చులో నాలుగుకు మించి రంగులుండవు, అందులో ఒకటి అందరికీ ఉమ్మడి. కానీ అచ్చు మార్చకుండా రంగు మార్చవచ్చు, అద్దకంలో రంగు గిన్నె మార్చినట్టు. సూపర్ మారియో ఆడినవాళ్లు ఈసారి మబ్బులను, నేల మీద పొదలను జాగ్రత్తగా చూడండి. రెండూ ఒకటే ఆకారం. పైన తెల్ల రంగు వేస్తే మబ్బు, కింద పచ్చ రంగు వేస్తే పొద. ఇన్నేళ్లు ఆడినా నాకు కనిపించలేదు. ఎవరో చెప్పాక ఇంకోలా చూడలేకపోతున్నాను. 1985 సెప్టెంబరులో వచ్చిన ఆ ఆట మొత్తం, లోకాలు, కోటలు, పాటలు, రహస్య గొట్టాలు అన్నీ కలిపి 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో బంధువులు పంపే శుభోదయం బొమ్మ సాధారణంగా అంతకన్నా బరువే ఉంటుంది.

అచ్చుల పద్ధతి నిలబడిన దృశ్యానికి బాగుంటుంది. మారియో పరుగెత్తాలి కదా. దానికి చేసినది రెండు తెరల పటాలను పక్కపక్కన పరిచి, వాటి మీదుగా ఒక కిటికీని జరపడం. కిటికీ కుడికి జరుగుతుంటే మనకు కనిపించని అంచున కొత్త దారి రాసుకుంటూ పోతుంది. రాసేది ఎక్కడ? మనం దాటి వచ్చేసిన దారి మీదే. చెరిపి రాయడమే, వేరే పలక లేదు. ఆ ఆటలో మారియో వెనక్కి నడిచి పాత చోటుకు పోలేడని గుర్తుందా? వెనక ఏమీ మిగలదు.

ఇంకో ఇబ్బంది సమయం. బొమ్మల చిప్ తెరను పైనుంచి కిందికి గీతగీతగా పోస్తున్నంతసేపూ దాని పటంలో వేలు పెట్టకూడదు, పెడితే తెర చెదిరిపోతుంది. పుంజం కింది అంచుకు చేరి మళ్లీ పైకి వెళ్లేలోపు ఒక చిన్న విరామం ఉంటుంది. సెకనులో వెయ్యోవంతు కన్నా కాస్త ఎక్కువ. ఆ వ్యవధిలో ప్రాసెసర్ వేయగలిగిన అడుగులు సుమారు 2,270. మార్పులన్నీ ఆ లోపే. సురభి నాటకంలో తెర పడి లేచేలోపు రాజదర్బారు పోయి అడవి వస్తుంది చూడండి, ఆ హడావుడి ఇక్కడ సెకనుకు 60 సార్లు జరుగుతుంది. ప్రేక్షకుడికి తెర పడినట్టే తెలియదు.

నాకు అన్నిటికన్నా నచ్చినది నాణెం ముచ్చట. మారియో ఆటలో పైన స్కోరు, నాణేల లెక్క, సమయం కనిపిస్తుంటాయి. కింద లోకమంతా జరుగుతున్నా అవి మాత్రం కదలవు. జరిపే కిటికీ ఒక్కటే అయినప్పుడు పై పట్టీ ఎలా నిలబడింది? నాణేల లెక్క పక్కన చిన్న నాణెం బొమ్మ ఉంటుంది. దాని అడుగు భాగం వెనక దృశ్యంలోది మాత్రమే కాదు, అదే చోట కదిలే బొమ్మల్లో మొదటిదాన్ని కూడా తెచ్చి పెట్టారు. తెర గీస్తూ గీస్తూ చిప్ ఆ చోటికి రాగానే ఒక గుర్తు లేస్తుంది. ప్రాసెసర్ ఆ గుర్తు కోసమే కాచుకుని కూర్చుంటుంది. లేవగానే కిటికీని జరుపుతుంది. దానికి పైన ఉన్నదంతా నిలబడిపోతుంది, కింద ఉన్నదంతా కదులుతుంది. ప్రతి తెరకూ ఇదే తంతు. గడియారం లేని ఇంట్లో మసీదు బాంగు విని నిద్రలేచినట్టు, ఆ అరనాణెం ఆధారంగా ఆట తన సమయం తెలుసుకుంటుంది.

కదిలే బొమ్మలకూ రేషను ఉంది. తెర మొత్తం మీద 64 ముక్కలు, ఒక్క గీత మీద మాత్రం 8. తొమ్మిదోది వస్తే చిప్ దాన్ని గీయదు, అంతే. కాంట్రాలో తూటాలు, మనుషులు గుమిగూడినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమనేవి. టీవీ పాడైందని దాని నెత్తిన ఒక్కటిచ్చేవాళ్లం. తప్పు టీవీది కాదు. ప్రతిసారీ ఒకే బొమ్మ మాయమైతే ఆటగాడు కనిపించని తూటాకు చస్తాడు కాబట్టి, రాసినవాళ్లు వరస మారుస్తూ ఒకసారి ఒకదాన్ని, ఇంకోసారి ఇంకోదాన్ని వదిలేస్తారు. అందరికీ కొంచెం కొంచెం కోత పెట్టే ఈ పద్ధతి వేసవిలో కరెంటు కోత చూసినవాళ్లకు కొత్త కాదు.

మారియో మీసం కూడా ఈ లేమి బిడ్డే. 1981లో డాంకీ కాంగ్ అనే ఆర్కేడ్ ఆట కోసం షిగేరు మియమోటో అతన్ని గీసినప్పుడు, పట్టుమని పదహారు చుక్కల్లో నోరు గీస్తే కనిపించదని మీసం పెట్టాడు. జుట్టు గీసే బాధ తప్పించుకోవడానికి టోపీ పెట్టాడు. సంగీతానికి ఐదు గొంతులు. రెండు చతురస్ర తరంగాలు రాగం పాడితే, ఒక త్రికోణ తరంగం మంద్ర స్వరం చూసుకుంటుంది, ఒకటి రొద మాత్రమే చేస్తుంది, ఐదోది చిన్న చిన్న శబ్దాల ముక్కలు వినిపిస్తుంది. ఆ రొదే డప్పూ, తుపాకీ మోతా, అడుగుల చప్పుడూ.

చేతిలో పట్టుకునే రిమోట్ మీద ఎడమవైపు ఉండే కూడిక గుర్తు మీట యోకోయిది. 1982లో జేబులో పట్టే డాంకీ కాంగ్ ఆట కోసం ఆయన దాన్ని రూపొందించాడు. అప్పటిదాకా టీవీ ఆటలకు కర్ర లాంటి జాయ్‌స్టిక్‌లే ఎక్కువ. పిల్లలు నేల మీద పెట్టిన జాయ్‌స్టిక్‌ను తొక్కితే విరుగుతుంది, ఈ మీటను తొక్కినా ఏమీ కాదు. కొత్త సాంకేతికత వెంట పడకుండా, అరిగిపోయి చౌకైన దాన్ని కొత్త పనికి వాడాలనేది యోకోయి సిద్ధాంతం. ఉయెమురా పెట్టె మొత్తం ఆ సిద్ధాంతం మీదే నడిచింది. ఖర్చు మిగలాలని రిమోట్ తీగలను పెట్టెకే శాశ్వతంగా బిగించేశారు. అంత పొదుపులోనూ రెండో రిమోట్‌లో ఒక మైకు పెట్టారు. ఎందుకు పెట్టారని అడిగితే, టీవీలో తన గొంతు వినిపిస్తే పిల్లలకు సరదాగా ఉంటుందని. అలాంటి పిచ్చి ఖర్చు ఒకటి లేకపోతే అది బొమ్మ ఎందుకవుతుంది.

మొదట్లో అంతా సవ్యంగా సాగలేదు. తొలి పెట్టెల రిమోట్‌లకు చతురస్రపు రబ్బరు మీటలుండేవి, నొక్కితే ఇరుక్కుపోయేవి. వాటిని గుండ్రంగా మార్చారు. ఒక చిప్‌లో లోపం బయటపడి ఆటలు మధ్యలో బిగుసుకుపోతుంటే యమౌచి అమ్మిన పెట్టెలను వెనక్కి రప్పించాడు. సరిగ్గా ఆ 1983లోనే అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. పనికిమాలిన క్యాసెట్లు వెల్లువలా వచ్చి పడ్డాయి. అటారీ కంపెనీ అమ్ముడుపోని సరుకును న్యూ మెక్సికోలోని అలమగోర్డో దగ్గర చెత్తదిబ్బలో పూడ్చిపెట్టింది. అది పుకారేనని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2014లో తవ్వి తీశారు.

అందుకే 1985 అక్టోబరులో న్యూయార్క్‌లో అడుగుపెట్టినప్పుడు నింటెండో వేషం మార్చింది. పేరు ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్. ఆకారం వీసీఆర్‌ది. క్యాసెట్‌ను ముందు నుంచి లోపలికి తోసి కిందికి నొక్కాలి. వీడియో గేమ్ అనే మాట వింటే బొమ్మల షాపుల వాళ్లు తలుపులు వేసుకుంటారని దీనికి ఒక రోబో బొమ్మను, తుపాకీని జోడించారు. అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటామని కూడా చెప్పారు. పెట్టె లోపల మాత్రం జపాన్ యంత్రంలో లేనిది ఒకటి చేర్చారు. తాళం.

పెట్టెలో ఒక చిన్న చిప్, ప్రతి క్యాసెట్‌లో దాని జోడీ. కరెంటు వేయగానే రెండూ ఒకదానితో ఒకటి సంకేతాలు చెప్పుకుంటాయి. మాట కలవకపోతే పెట్టె సెకనుకోసారి మొదటికి వస్తుంది, ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. అటారీ గేమ్స్ సంస్థ ఈ తాళం రహస్యాన్ని అమెరికా కాపీరైట్ కార్యాలయం నుంచి అబద్ధం చెప్పి సంపాదించింది. ఆ వ్యవహారం కోర్టుకెక్కింది. 1992లో అప్పీలు కోర్టు నింటెండో పక్షానే నిలిచింది. ఆ తాళానికి ఇంకో ఫలితం కూడా ఉంది. ముందు నుంచి తోసే ఆ ఏర్పాటులో లోహపు పళ్లు త్వరగా వదులయ్యేవి. తాళం సంకేతం ఒక్క క్షణం తెగినా పెట్టె మొరాయించేది. దాంతో అమెరికా పిల్లలు క్యాసెట్ తీసి ఊదడం నేర్చారు. మనమూ ఊదాం, తాళం లేకపోయినా. పని చేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. ఉమ్మి తడికి రాగి పళ్లు చిలుము పట్టడం తప్ప ఊదడం వల్ల ఒరిగేదేమీ లేదు. నింటెండో కూడా ఊదవద్దనే చెప్పింది. చెబితే ఎవరు విన్నారు?

జపాన్ యంత్రానికి తాళం లేకపోవడం వల్లే అది తెనాలి దాకా రాగలిగింది. తైవాన్ చిప్ కర్మాగారాలు రికో చిప్‌లు రెండింటికీ నకళ్లు తీశాయి. తర్వాత రెండింటినీ కలిపి ఒకే చిప్‌లోకి కుదించాయి. పాడైన పెట్టె మూత విప్పి చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, లోపల పెద్ద యంత్రమేదో ఉంటుందనుకుంటే దాదాపు ఖాళీ. చిన్న పచ్చ పలక, మధ్యలో గట్టిపడిన నల్లటి జిగురు బొట్టు. కంప్యూటరంతా ఆ బొట్టు కిందే. రష్యాలో 1992 నుంచి దీన్ని డెండీ అన్నారు, పోలండ్‌లో పెగాసస్ అన్నారు. మన దగ్గర లిటిల్ మాస్టర్, మీడియా లాంటి పేర్లు. అసలు పేరు నింటెండో అని చాలామంది పిల్లలకు తెలియదు. మాకు అది వీడియో గేమ్. ఆ మాటకు ముందు విశేషణం అక్కరలేదు.

వాటితో వచ్చిన క్యాసెట్ల మీద 9999 ఆటలు అని ఉండేది. నేను లెక్క పెట్టడానికి కూర్చున్నాను. ఇరవై దాటేసరికి మళ్లీ మారియోనే, ఈసారి రెండో లోకం నుంచి. ఆ తర్వాత కాంట్రా, పేరు మారింది. నిజానికి అందులో ఉన్నవి గుప్పెడు ఆటలు. పట్టికలో ఒక్కో వరుస అదే ఆటను వేరే మెట్టు నుంచో, వేరే ఆయుధంతోనో మొదలుపెడుతుంది. మోసమే. కానీ ఐదో లోకం మా గదిలో అందరూ చూడగలిగారంటే ఆ మోసం చలవే. పైపైకి, కిందకిందికి, ఎడమ కుడి ఎడమ కుడి అంటూ కాంట్రాలో ముప్పై లైఫ్‌లు తెచ్చే మంత్రం కూడా మాకు అలాగే, ఎవరు చెప్పారో తెలియకుండా వచ్చింది. అది కోనామి కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామరు 1986లో వచ్చిన గ్రేడియస్ ఆటను పరీక్షించుకోవడానికి తన కోసం రాసుకున్నది. ఆట తనకే కష్టమనిపించి రాసుకున్నాడట.

ఒక తేడా మాత్రం మాకెప్పుడూ తెలియలేదు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 తెరలు వేస్తాయి. మన పాల్ పద్ధతి టీవీలు 50. ఈ ఆటలు సమయాన్ని తెరల లెక్కన కొలుస్తాయి. ఒక తెర గడిస్తే మారియో ఒక అడుగు, పాట ఒక మెట్టు. పాల్ టీవీల కోసం తయారైన నకళ్లలో ఆ లెక్క అలాగే ఉండి, తెరలు మాత్రం తగ్గాయి. అంటే క్యోటో పిల్లవాడు 50 సెకన్లలో విన్న పాట మాకు నిమిషం పట్టేది. శ్రుతి దాదాపు అదే, తాళం మాత్రం విలంబం. కొన్నేళ్ల క్రితం మొదటిసారి అసలు వేగంతో మారియో పాట విన్నప్పుడు ఎవరో తొందరపడి వాయిస్తున్నారనిపించింది. నా చెవికి ఇప్పటికీ తెనాలి లయే అసలు లయ.

ప్రపంచమంతా కలిపి నింటెండో అమ్మినవే 6 కోట్ల 19 లక్షల పెట్టెలు. నకళ్లు ఆ లెక్కలో లేవు. జపాన్‌లో 2003 దాకా తయారు చేస్తూనే ఉన్నారు, రిపేర్లు 2007 దాకా చేశారు. ఉయెమురా రిటైరయ్యాక క్యోటోలోని రిట్సుమెయికాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటూ గడిపి, 2021 డిసెంబరులో 78 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మారియోను ఇప్పుడు ఫోన్‌లో, కంప్యూటర్‌లో, ఎక్కడైనా ఆడవచ్చు. మబ్బులు, పొదలు, నాణెం అన్నీ ఉంటాయి. తిరిగిరానిది ఆ తుపాకీ ఒక్కటే. ఎల్‌ఈడీ టీవీలో గీతలు గీసే పుంజం లేదు. సెకనుకు 15 వేల మిణుకులు లేవు. పైగా వచ్చిన బొమ్మను తెర మీద చూపించడానికి అది కొంత ఆలస్యం చేస్తుంది. తెల్ల చదరం వెలిగేసరికి తుపాకీ ఎదురుచూడాల్సిన క్షణం దాటిపోతుంది. మీ ఇంట్లో అటక మీద ఆ ప్లాస్టిక్ తుపాకీ ఇంకా ఉంటే, దాని పక్కన డబ్బా టీవీ కూడా ఉంటే, పాత సామాన్లవాడికి ఆ టీవీ వేసేయకండి. అది లేకపోతే కొత్త టీవీ ముందు తెరకు ఆనించి కాల్చినా ఒక్క బాతు పడదు. కుక్క మాత్రం నవ్వుతుంది.